సాన బెల్టు ఎందుకు కంపు కొడుతుంది?

మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పేరు. అక్కడి నగల్లో వాడే ఇత్తడి, రాగి లాంటి లోహాన్ని ఇంట్లో మోటారు సాన బెల్టు మీద రుద్దితే, ఒక్కోసారి వెంట్రుకలు కాలిన వాసన గుప్పుమంటుంది. లోహం మాడిందా? లేదు, ఇత్తడి కరగడానికే సుమారు 900 డిగ్రీల సెల్సియస్ కావాలి. మాడేది జిగురు. గరుకు రేణువులను బెల్టు గుడ్డకు పట్టి ఉంచేది అదే. కొన్ని బెల్టుల్లో దాన్ని పశువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. వెంట్రుకల్లాగే అదీ ప్రోటీనే, కాబట్టి కాలితే అదే కంపు. రెసిన్ జిగురున్న బెల్టయితే మందుల ఘాటు. మరి జిగురు మాడేంత వేడి ఎక్కడిది? రేణువుల అంచులు అరిగినా, సందుల్లో లోహపు పొడి నిండినా బెల్టు కోయడం మానేసి ఊరికే రాసుకుంటుంది. అప్పుడు గట్టిగా అదిమితే పని సాగదు, వేడి మాత్రం పెరుగుతుంది.

‘వాడని బెల్టు కూడా వాసనేస్తోందే!’ అనవచ్చు. నిజమే, దివిసీమ లాంటి సముద్రతీరపు చెమ్మలో చర్మపు జిగురు తేమ పీల్చి బూజు పడుతుంది. అది ముక్క వాసన, స్విచ్ వేయకముందే తెలుస్తుంది. పెద్దవాళ్లు ప్లగ్గు పీకి బెల్టు తీసేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి మిషన్‌ను ఖాళీగా తిప్పి చూసినా మాడు వాసన ఆగకపోతే, నేరం బెల్టుది కాదు, మిషన్‌ది. ఏ వాసనా లేదని మూతికి పెట్టుకున్న మాస్కు తీసేయడం మాత్రం తెలివితక్కువ పని: ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని లోహపు ధూళి ముక్కుకు ఆనదు.