ఒకే గాలి, రెండు రకాల ఆయాసం

1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన భిలాయిలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. ఉక్కు పట్టణంలో ఆయాసం అనగానే అందరూ దుమ్మూ పొగల వైపే వేలు చూపుతారు. నిజమే, అవి ఉబ్బసాన్ని రేపుతాయి. కానీ ఒకే గాలి పీల్చే అన్నాచెల్లెళ్లలో తేడా ఎందుకు? చిన్నతనంలో ఉబ్బసం మగపిల్లల్లో ఎక్కువ. యుక్తవయసు దాటాక ఆడవాళ్లలో ఎక్కువ.

ఊపిరితిత్తుల్లో ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలుంటాయి. అలర్జీ కారకాలు తగిలి శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతింటే, అది పంపే సంకేతాలకు ఇవి మేల్కొని ఐఎల్-5, ఐఎల్-13 ప్రోటీన్లను వదులుతాయి. మొదటిది ఇసినోఫిల్ కణాలను పెంచుతుంది, రెండోది కళ్లెను. ఇక వాపు, పిల్లికూతలు మొదలు.

ఈ కణాల్లో టెస్టోస్టిరాన్‌ను పట్టుకునే గ్రాహకాలున్నాయి. ఆ హార్మోన్ అందితే వీటి సంఖ్య, జోరు రెండూ తగ్గుతాయని 2017లో ఫ్రాన్స్, అమెరికా బృందాలు ఎలుకల్లో చూపాయి. ఉబ్బసమున్న పురుషులకంటే ఉబ్బసమున్న స్త్రీల రక్తంలో ఐఎల్‌సీ2లు ఎక్కువని కూడా అమెరికా బృందం గమనించింది.

ఈస్ట్రోజెన్ సంగతి ఇంత సూటిగా ఉండదు. కొందరికి నెలసరి ముందు ఆయాసం పెరుగుతుంది. గర్భిణుల్లో కొందరికి తగ్గుతుంది, కొందరికి ముదురుతుంది. అలాగని టెస్టోస్టిరాన్ ఉబ్బసానికి మందు కాదు, ఇన్‌హేలర్ మానకూడదు. ఆయాసం వచ్చిన రోజులను నెలసరి తేదీల పక్కనే రాసుకుంటే డాక్టరుకు పనికొస్తుంది.