ఉత్కంఠకు తొలి అడుగు

పాఠ్యభాగ ఉద్దేశం

చలనచిత్రం నేటి యువతరానికి అత్యంత సన్నిహితమైన కళ. ఒకప్పుడు భారీ పరికరాలతో మాత్రమే సాధ్యమైన చిత్రనిర్మాణం నేడు చేతిలోని సెల్‌ఫోనుతో కూడా సాధ్యమవుతున్నది. అయితే పరికరం లభించినంత సులభంగా ఆలోచన లభించదు. ఉత్కంఠభరితమైన లఘుచిత్రాన్ని తీయదలచిన విద్యార్థులు దాని తొలి సన్నివేశాన్ని ఏ విధంగా రూపొందించుకోవాలో తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

కథను ఆశ్రయించిన ప్రతి కళలోనూ ఆరంభానికి విశిష్టస్థానం ఉంది. ఇతివృత్తానికి మూలమైన అంశాన్ని ప్రాచీన నాటకలక్షణకర్తలు ‘బీజం’ అన్నారు. మొదట స్వల్పంగా సూచితమై, పోనుపోను అనేక విధాలుగా విస్తరించి, చివరకు ఫలసిద్ధికి హేతువయ్యేది బీజమని ‘దశరూపకం’ వంటి లక్షణగ్రంథాలు వివరించాయి. విత్తనం చిన్నదే కావచ్చు. కాని రాబోయే వృక్షమంతా అందులో ఇమిడి ఉంటుంది. నేరపరిశోధన, భయం, ఉత్కంఠ ప్రధానంగా సాగే థ్రిల్లర్ చిత్రాలకు ఈ సూత్రం మరింతగా వర్తిస్తుంది.

మొదటిసారి చిత్రం తీసే విద్యార్థులు సాధారణంగా తొలి సన్నివేశంలోనే ప్రేక్షకుణ్ణి భయపెట్టాలని తొందరపడతారు. చీకటి సందులో ఒకరు పరుగెత్తడం, మరొకరు కత్తితో వెంబడించడం, చెవులు గింగురుమనే సంగీతం, చివరకు ఒక కేక – ఇదీ తరచుగా కనిపించే ఆరంభం. ఇంత హడావుడి చేసినా అది మనసుకు పట్టదు. పరుగెత్తుతున్నవారు ఎవరో ప్రేక్షకునికి తెలియదు. తెలియని వ్యక్తికి కలిగిన ఆపద క్షణకాలం ఉలికిపాటు కలిగిస్తుందే గాని, హృదయంలో ఆందోళనను నిలపలేదు. ఉలికిపాటుకు, ఉత్కంఠకు ఉన్న భేదాన్ని గ్రహించడమే ఈ విద్యలో మొదటి మెట్టు.

ఈ భేదాన్ని ప్రసిద్ధ దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ (1899–1980) ఒక చక్కని ఉదాహరణతో వివరించాడు. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాంస్వా త్రూఫో 1962లో ఆయనతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో ఈ ప్రస్తావన వస్తుంది. ఇద్దరు వ్యక్తులు బల్ల దగ్గర కూర్చొని మాట్లాడుకుంటుండగా హఠాత్తుగా బల్లకింద బాంబు పేలితే ప్రేక్షకునికి కలిగేది కొన్ని క్షణాల ఆశ్చర్యం మాత్రమే. బల్లకింద బాంబు ఉన్నదనీ, అది ఫలానా సమయానికి పేలుతుందనీ ప్రేక్షకునికి ముందే తెలిస్తే, ఆ ఇద్దరి సాధారణ సంభాషణలోని ప్రతి మాటా ప్రాణసంకటంగా మారుతుంది. పాత్రకు తెలియనిది ప్రేక్షకునికి తెలియడంలోనే ఉత్కంఠ పుడుతున్నది.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ రహస్యం కొత్తది కాదు. తిక్కన విరాటపర్వంలోని కీచకవధ ఘట్టం ఇందుకు చక్కని నిదర్శనం. ద్రౌపది తనకోసం వేచి ఉన్నదన్న భ్రమతో కీచకుడు అలంకరించుకొని రాత్రివేళ నర్తనశాలకు బయలుదేరతాడు. ఆ చీకటిలో ఉన్నది భీముడని పాఠకునికి తెలుసు, కీచకునికి తెలియదు. అందుచేత అతడు ముందుకు వేసే ప్రతి అడుగునూ పాఠకుడు ఊపిరి బిగబట్టి గమనిస్తాడు. దాదాపు ఏడు శతాబ్దాల ఎడంతో ఇద్దరు కథకులు ఒకే మార్గాన్ని అనుసరించడం మానవస్వభావం మారలేదనడానికి తార్కాణం.

తొలి సన్నివేశ నిర్మాణానికి ఆదర్శంగా చెప్పదగిన చిత్రాలలో జర్మనీకి చెందిన ‘ఎమ్’ ముఖ్యమైనది. ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వంలో 1931లో వెలువడిన ఈ చిత్రానికి ఆయన, థియా ఫాన్ హార్బో కలిసి రచన చేశారు. లాంగ్ తీసిన తొలి శబ్దచిత్రం ఇదే. పసిపిల్లలను హతమార్చే ఒక హంతకుని కోసం ఒక మహానగరమంతా గాలించడం దీని ఇతివృత్తం.

చిత్రం ఆరంభంలో పేదల నివాసగృహాల నడుమ పెరట్లో పిల్లలు గుండ్రంగా నిలబడి పంటలు వేస్తున్నట్లుగా ఒక పాట పాడుకుంటూ ఆడుతుంటారు. ఆ పాటలోని విషయం హంతకుణ్ణి గురించే. పై అంతస్తునుంచి ఒక ఇల్లాలు వారిని మందలిస్తుంది. పిల్లల గొంతు వినబడుతున్నంతసేపూ వారు క్షేమంగా ఉన్నట్లే కదా అని మరొక తల్లి సమాధానపడుతుంది. ఆమె బట్టలు ఉతుకుతూ, బడినుంచి రానున్న తన కూతురు ఎల్సీ కోసం భోజనం సిద్ధం చేస్తుంది. గడియారం పన్నెండు కొట్టగానే ఆమె ముఖం వికసిస్తుంది.

వీధిలో ఎల్సీ బంతి ఆడుకుంటూ వస్తుంటుంది. ప్రకటనలు అంటించే ఒక స్తంభానికి బంతిని కొడుతుంది. హంతకుణ్ణి పట్టించినవారికి బహుమతి ఇస్తామన్న ప్రకటన ఆ స్తంభంమీదనే ఉంటుంది. సరిగా ఆ ప్రకటనమీద ఒక మనిషి నీడ పడుతుంది. నీడ వంగి, పాపను ఆప్యాయంగా పలకరిస్తుంది. తరువాత ఆ మనిషి ఒక అంధుని వద్ద ఎల్సీకి బుడగ కొనిపెడుతూ, నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ ‘పీర్ గింట్’ నాటకానికి కూర్చిన సంగీతంలోని ఒక వరుసను ఈల వేస్తాడు. అతని ముఖం మాత్రం కనబడదు.

ఇంటివద్ద తల్లి మాటిమాటికీ గడియారం చూస్తుంటుంది. మెట్లమీద అడుగుల చప్పుడు వినబడుతుంది. వచ్చినవారు వేరే పిల్లలు. తలుపు గంట మోగుతుంది. వచ్చినవాడు కథల పుస్తకాలు అమ్మేవాడు. చివరకు ఆమె కూతుర్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపు వినబడుతుండగా తెరమీద ఖాళీ మెట్లు, బట్టలు ఆరవేసిన నిర్మానుష్యమైన అటక, బల్లమీద ఎవరూ తాకని పళ్లెం వరుసగా కనిపిస్తాయి. పొదల నడుమనుంచి బంతి దొర్లుకుంటూ వచ్చి ఆగిపోతుంది. బుడగ తీగలకు చిక్కుకొని కొంతసేపు కొట్టుకొని ఎగిరిపోతుంది. అంతటితో సన్నివేశం ముగుస్తుంది.

ఇందులో ఆయుధం లేదు, రక్తం లేదు, ఆర్తనాదం లేదు. అయినా జరిగిన ఘోరం ప్రేక్షకుని మనస్సులో సంపూర్ణంగా రూపుకడుతుంది. దర్శకుడు చూపనిదాన్ని ప్రేక్షకుడు తన ఊహతో పూరించుకుంటాడు. ఒక పళ్లెం, ఒక బంతి, ఒక బుడగ, ఒక నీడ, ఒక ఈల – ఇవే ఆ సన్నివేశానికి ప్రాణం. వీటిలో ఏ ఒక్కటీ విద్యార్థులకు అందరానిది కాదు.

ఈ సన్నివేశంలో గమనించవలసిన మరొక విశేషం బీజన్యాసం. ఆరంభంలో వినిపించిన ఈల చిత్రం చివరి భాగానికి ఆధారమవుతుంది. బుడగలు అమ్మిన అంధుడు చాలాకాలం తరువాత అదే ఈలను విని హంతకుణ్ణి గుర్తిస్తాడు. కళ్లున్న నగరమంతా కనిపెట్టలేనివాణ్ణి చూపులేనివాడు చెవులతో పట్టిస్తాడు. ముగింపు నిర్ణయమైన తరువాతనే ఆరంభాన్ని రూపొందించాలనడానికి ఇంతకుమించిన నిదర్శనం అక్కరలేదు.

అంతకన్న ముఖ్యమైనది నైతికదృష్టి. ఎల్సీ మరణం ఆ చిత్రంలో వినోదం కాదు. ఆమెకోసం వండిన అన్నం, ఆమెను పిలిచిన గొంతు ప్రేక్షకుని వెంటాడతాయి. కథను నడపడానికి ఒక ఆడపిల్లను చంపి, ఆమె ఎవరో కూడా చెప్పకుండా ముందుకు సాగే చిత్రాలు తక్కువేమీ కావు. బాధితురాలు కూడా ఒక ఇంటి బిడ్డ అన్న స్పృహ కలిగించిన రచయితే భయాన్ని కరుణగా మార్చగలుగుతాడు.

సాధనాల కొరత కొన్నిసార్లు వరంగా కూడా మారుతుంది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ ‘జాస్’ (1975) చిత్రాన్ని తీస్తున్నప్పుడు యాంత్రికమైన సొరచేప సముద్రజలంలో తరచుగా పనిచేయక మొరాయించింది. ఫలితంగా దర్శకుడు దానిని చూపడం తగ్గించి, దాని ఉనికిని సూచించడంమీద ఎక్కువగా ఆధారపడ్డాడు. రాత్రివేళ ఈదుతున్న యువతిని ఏదో నీటిలోకి లాగివేసే తొలి సన్నివేశంలో సొరచేప కనబడనే కనబడదు. కనబడని శత్రువు కనబడినదానికంటె భయంకరమైనది.

ఈ సూత్రాలను విద్యార్థులు ఆచరణలో పెట్టే విధానాన్ని ఒక ఊహాకల్పిత సన్నివేశం ద్వారా పరిశీలించవచ్చు. ఒక కళాశాల గ్రంథాలయం మూసే సమయం. అటెండరు కిటికీలను ఒక్కొక్కటిగా మూస్తున్నాడు. చివరి బల్లమీద ఒక పుస్తకం తెరిచి ఉంది. దానిపై కళ్లజోడు. పక్కన చెల్లెలికి కొనవలసిన వస్తువుల చిన్న పట్టిక. ద్వారం దగ్గర ఉన్న రిజిస్టరులో ఆనాటి చివరి పేరు ఎదుట లోపలికి వచ్చిన సమయం ఉంది. వెళ్లిన సమయం గడి ఖాళీగా ఉంది. కళాశాల బయట బస్సులో ఒక విద్యార్థిని పక్కసీటులో సంచి పెట్టి స్నేహితురాలికోసం ఎదురుచూస్తున్నది. అటెండరు తాళం వేసి వెళతాడు. బస్సు కదులుతుంది. స్నేహితురాలు ఫోను చేస్తుంది. చీకటి గ్రంథాలయంలో పుస్తకాల వరుసల వెనుక ఫోను మోగుతుంది.

ఈ సన్నివేశం ప్రేక్షకుని మనస్సులో ఒకే ఒక ప్రశ్నను నాటుతుంది: ఆ అమ్మాయి ఏమైంది? ఫోను లోపలే ఉన్నదని ప్రేక్షకునికి తెలుసు; స్నేహితురాలికి తెలియదు. ఖాళీగా ఉన్న గడి ఇక్కడ బీజం. మరునాడు ఆ గడిని ఎవరో వేరే సిరాతో పూరించి ఉంటే, ఆ చేతివ్రాతే ముగింపుకు దారి చూపుతుంది. వస్తువుల పట్టిక ఆమెకు ఒక కుటుంబాన్ని ప్రసాదిస్తుంది.

ఆలోచన స్థిరపడిన తరువాత దానిని కాగితంమీద పెట్టాలి. ఏ షాట్‌లో ఏమి కనబడాలో, ఏమి వినబడాలో వరుసగా వ్రాసుకొని, ఒక్కొక్కదానికి చిన్న బొమ్మ గీసుకోవాలి. దీనినే స్టోరీబోర్డు అంటారు. ‘పథేర్ పాంచాలి’ (1955) చిత్రానికి సత్యజిత్ రాయ్ ముందుగా బొమ్మలు గీసుకున్నాడు. ‘సాక్షి’ (1967)తో దర్శకుడైన బాపు కూడా సన్నివేశాలను బొమ్మలుగా గీసుకొని చిత్రీకరించడంలో ప్రసిద్ధుడు. విద్యార్థులకు అంతటి చిత్రకళ అవసరం లేదు. మనిషి ఎక్కడ నిలబడ్డాడో, ఎటు చూస్తున్నాడో తెలిపే గీతలు చాలు.

చిత్రీకరణకు ముందే అదే వేళకు ఆ స్థలాన్ని సందర్శించాలి. సాయంకాలపు వెలుతురు త్వరగా మారిపోతుంది. ఒక్కొక్క షాట్‌కు ఇరవై నిమిషాలు పట్టినా, పది షాట్లకు మూడు గంటలు దాటుతుంది. కనుక కిటికీలు కనిపించే షాట్లను ముందు, చీకటి షాట్లను తరువాత తీయాలి; కథాక్రమం వేరు, చిత్రీకరణక్రమం వేరు. గోడగడియారం కనిపించే పక్షంలో దాని సెల్లు తీసి, ముళ్లను కథాసమయానికి నిలపాలి. లేనియెడల కథలో ఐదు నిమిషాలు గడిచేసరికి గడియారంలో గంట గడిచినట్లు కనిపిస్తుంది. ఫ్యాను చప్పుడు ధ్వనిని పాడుచేస్తుంది కనుక దానిని ఆపి, పుటలు కదలడానికి అట్టతో విసరాలి. ఎవరూ మాట్లాడకుండా ఆ గదిలోని నిశ్శబ్దాన్ని అరనిమిషం రికార్డు చేసుకుంటే కూర్పుసమయంలో శబ్దాల అతుకులు తెలియవు.

అనుమతి, భద్రత అనే రెండు విషయాలలో ఏమాత్రం ఉపేక్ష పనికిరాదు. ప్రధానాచార్యుల అనుమతి, పాల్గొనేవారి ఇళ్లవారికి సమాచారం ముందుగానే ఉండాలి. బహిరంగ ప్రదేశాలలో బొమ్మ ఆయుధాలతో చిత్రీకరించడం చూపరులను భయభ్రాంతులను చేస్తుంది. మేడ అంచుల మీద, కదిలే వాహనాల దగ్గర సాహసాలు చేయడం ప్రాణాపాయం. తెరమీది ప్రమాదం కల్పితంగానే మిగలాలి.

మంచి ఆరంభం ప్రేక్షకునికి ఇచ్చిన మాటవంటిది. ఆ మాటను చిత్రం చివరివరకు నిలబెట్టుకోవాలి. తెరమీద ఎంత చూపించామన్నదానికంటె, ఎవరికోసం ప్రేక్షకుడు తల్లడిల్లాడన్నదే తొలి సన్నివేశానికి గీటురాయి. ఖాళీ పళ్లెం ముందు నిలిచిన ఒక తల్లి ఈ సత్యాన్ని 1931లోనే ప్రపంచానికి తెలియజేసింది.

కఠిన పదాలకు అర్థాలు

ఇతివృత్తం = కథావస్తువు
బీజన్యాసం = విత్తనం నాటడం; కథకు మూలాన్ని సూచించడం
తార్కాణం = నిదర్శనం
నిర్మానుష్యం = మనుషులు లేనిది
గీటురాయి = బంగారం నాణ్యతను పరీక్షించే రాయి; ప్రమాణం

ప్రశ్నలు

1. ఉలికిపాటుకు, ఉత్కంఠకు గల భేదాన్ని సోదాహరణంగా వివరించండి.
2. ‘ఎమ్’ చిత్రం తొలి సన్నివేశంలోని విశేషాలను తెలపండి.
3. గ్రంథాలయ సన్నివేశంలో బీజం ఏది? అది ముగింపుకు ఏ విధంగా తోడ్పడుతుంది?
4. మీ కళాశాల ఆవరణలోని ఏదైనా ఒక స్థలాన్ని ఎంచుకొని, పది షాట్లలో ఒక తొలి సన్నివేశాన్ని రచించండి.