గోలుపోస్టు మీద లెక్క

“ఆట పట్టినవాడికి చదువు పట్టదు.” ఇరవై యేళ్లుగా, మోకాళ్లకు మట్టితో క్లాసుకు వచ్చిన ప్రతి కుర్రవాడికీ నేను అప్పజెప్పిన సూక్తి ఇది. మొన్న బజారులో పాత శిష్యుడొకడు ఎదురై, “మీ మాట విని బంతి మానేశాను మాస్టారూ. చదువు మటుకు రాలేదండి!” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటినుంచీ నా మనస్సు కోపెన్‌హేగెన్‌లో తిరుగుతోంది.

డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్. సముద్రపుటొడ్డున ఉన్న ఆ నగరంలో 1479లో వెలసిన విశ్వవిద్యాలయం ఉంది. చదువుకునే కుర్రవాళ్ల సంఘాలు రెండు ఏకమై 1889లో అక్కడ ఒక క్లబ్బు పుట్టింది. పేరు ‘అకడెమిస్క్ బోల్డ్‌క్లబ్’, అంటే చదువరుల బంతి సంఘమన్నమాట. లోకులు పొట్టిగా ‘ఏ.బి.’ అంటారు.

విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రాచార్యుడైన క్రిస్టియన్ బోర్ కుమారులిద్దరూ ఇందులో ఆడేవారు. పెద్దవాడు నీల్స్ గోలు కాచేవాడు. ఒకనాడు జర్మను జట్టుతో పోటీ. ఆటంతా అవతలి కొసనే సాగుతోంది. ఇంతలో బంతి దొర్లుకుంటూ ఇటు వచ్చింది. జనం కేకలు పెడితేగాని నీల్స్ కదలలేదట! ఏమిటయ్యా అంటే, గోలుపోస్టు మీద లెక్క చేసుకుంటున్నాడని చెప్పుకుంటారు. ఆ లెక్కలవాడే పరమాణు నిర్మాణాన్ని శోధించి 1922లో నోబెల్ బహుమానం అందుకున్నాడు.

తమ్ముడు హరాల్డ్ ఆటలో అన్నను మించినవాడు. 1908 లండన్ ఒలింపిక్సులో ఫ్రాన్సును 17–1తో చిత్తుచేసి, రజత పతకం తెచ్చుకున్న డేనిష్ జట్టులో ఉన్నాడు. 1910లో గణితంలో డాక్టరేటుకు నిండు సభలో తన సిద్ధాంతాన్ని సమర్థించుకోవలసి వచ్చింది. హాలు కిక్కిరిసింది. వచ్చినవారిలో గణితజ్ఞులకన్న బంతాట అభిమానులే ఎక్కువట! వారికి లెక్కలు ఎంత అర్థమయ్యాయో గాని, తమవాడు గెలిచాడని మాత్రం అర్థమై ఉంటుంది.

1919 నుంచి 1967 దాకా ఏ.బి. తొమ్మిదిసార్లు దేశ విజేత అయింది. డెన్మార్కులో ఆటగాళ్లకు జీతాలు 1978లో గాని రాలేదు. అంటే ఆ తొమ్మిది విజయాలూ పొట్టకూటికి వేరే పని చూసుకునేవారు సాధించినవే. తరువాతి కథ అంత వైభవంగా లేదు. 1999లో డేనిష్ కప్పు గెలిచినా, 2004లో పై లీగునుంచి జారిపోయింది. నగరం అంచున ఉన్న గ్లాడ్‌సాక్స దాని నేటి నివాసం.

నీల్స్ బోర్ 1921లో తెరిచిన పరిశోధనాలయం పక్కనే ఒక పెద్ద పచ్చిక బయలు, ఫెలెడ్ పార్కు, ఉంది. పుస్తకానికీ బంతికీ మధ్య అక్కడ గోడ లేదు. ఆ గోడను నా క్లాసులో కట్టినవాణ్ణి నేనే.

ఇకమీదట మట్టి మోకాళ్లతో వచ్చినవాణ్ణి, “ఎన్ని గోల్సురా?” అని అడుగుతాను. పాఠం ఆ తరువాత.