వాక్కాయ గింజని దాచుకోకూడదు, ఎందుకు?

పప్పులో పుల్లగా తగిలే వాక్కాయ పెరటికి అందమైన పొద కూడా. తెల్లని సువాసన పూలు, గులాబీ నుంచి ముదురు ఊదాకు మారే కాయలు! గింజతోనే పెంచొచ్చు. కానీ వచ్చే ఏడాదికని దాచకండి. వడ్లు, కందుల్లా ఇది ఎండి నిద్రపోయే రకం కాదు. తడి ఆరితే లోపలి జీవం త్వరగా పోతుంది.

పప్పుకోసం కొనే పచ్చికాయల్లో గింజ ముదరదు. బాగా పండినవే తీసుకోండి. గుజ్జు పూర్తిగా కడిగెయ్యాలి, లేకపోతే బూజు పడుతుంది. ఇసుక కలిపిన మట్టిలో అర అంగుళం లోతున వెంటనే నాటి, తడి ఆరకుండా చూడండి. మొక్కది మొదట నత్తనడకే; కాయలకు కొన్నేళ్లు ఆగాలి. ముళ్లు మాత్రం గట్టివి. అందుకే ప్రహరీ పక్కన నాటండి, మీరు ఆడుకునే చోట వద్దు.