మురుగు లైనుకు డబ్బెక్కడిది?

భూగర్భ డ్రైనేజీకి ఖర్చు రెండు దఫాలుగా అవుతుంది. గొట్టాలు వేసి, శుద్ధి కేంద్రం కట్టడానికి ఒకసారి పెట్టేది మొదటిది. దాన్ని నడపడానికి నెలనెలా పెట్టేది రెండోది. మొదటి ఖర్చు ఎందుకంత పెద్దదో నేల కిందకు చూస్తే తెలుస్తుంది. మురుగు దానంతటది పారాలంటే గొట్టం వాలుగా ఉండాలి. ఇంటి ముందు ఛాంబర్ దగ్గర మోకాలి లోతున మొదలైన లైను, దూరం పోయేకొద్దీ మనిషి నిలువు దాటి దిగుతుంది. ఇక దిగలేని చోట పంపింగ్ స్టేషన్ కట్టి, మురుగును పైకి తోడి, మళ్లీ వాలుకు వదలాలి. తవ్విన రోడ్డును తిరిగి వేయాలి. ఇదంతా ఒక్క ఏడాది ఆస్తి పన్నుతో తేలే పని కాదు.

అందుకే మున్సిపాలిటీలు ముందుగా గ్రాంట్ల వైపు చూస్తాయి. 2021లో మొదలైన అమృత్ 2.0 పథకం కింద లక్షలోపు జనాభా ఉన్న పట్టణాలకు కేంద్రం ప్రాజెక్టు వ్యయంలో సగం ఇస్తుంది. లక్ష నుంచి పది లక్షల వరకు ఉంటే మూడో వంతు, ఆపైన నాలుగో వంతు. మిగతాది రాష్ట్రం, పట్టణం కలిసి సమకూర్చుకోవాలి. లెక్కాపత్రం సరిగా ఉన్న నగరాలు బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకుంటాయి. మురుగునీటిని బాగా శుద్ధి చేసి పరిశ్రమలకు ఇచ్చే కేంద్రం కోసం ఘజియాబాద్ 2021లో 150 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. అయితే బాండు అప్పే. వడ్డీతో సహా తీర్చాల్సింది చివరికి ఆ ఊరి జనమే.

ఆ జనాన్నే ముందుగా అడిగిన ఊరు, చెన్నై పక్కన అప్పట్లో వేరే మున్సిపాలిటీగా ఉన్న ఆలందూరు. 1990ల నడుమ అక్కడ దాదాపు అందరివీ సెప్టిక్ ట్యాంకులే. 1996లో మున్సిపల్ ఛైర్మన్ అయిన ఆర్.ఎస్. భారతి భూగర్భ డ్రైనేజీ పనిని తలకెత్తుకున్నారు. ముందు సర్వే చేయించి జనం ఏమంటారో తెలుసుకున్నారు. కాలనీ సంఘాలతో కూర్చుని లెక్క చెప్పారు. ఇంటికి 5,000 రూపాయలు, వ్యాపార సంస్థకు 10,000 డిపాజిట్. లైను వచ్చాక నెలనెలా వాడకం ఛార్జీ. గొట్టం కంటికి కనబడకముందే వేల కుటుంబాలు డబ్బు కట్టాయి. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటికి 5,000 చిన్న మొత్తం కాదు. డ్రైనేజీ పేరిట వసూలైన సొమ్ము వేరే ఖాతాలో ఉండటం, పని ఎంతవరకు వచ్చిందో కాలనీ సంఘాలకు తెలుస్తుండటం జనం నమ్మకాన్ని నిలబెట్టాయి. జనం కట్టింది మొత్తం వ్యయంలో ఒక భాగమే. మిగతాది రాష్ట్ర ఆర్థిక సంస్థల రుణంగా, గ్రాంటుగా వచ్చింది. లైన్లు వేసిన సంస్థ హైదరాబాద్‌కు చెందిన ఐవీఆర్‌సీఎల్. శుద్ధి కేంద్రాన్ని ప్రైవేటు పెట్టుబడితో కట్టి, కొన్నేళ్లు నడిపి, తర్వాత అప్పగించే ఒప్పందం కుదిరింది.

రెండో దఫా ఖర్చు చిన్నదే గానీ ఎడతెగనిది. పంపుల కరెంటు బిల్లు, లైన్లలో అడ్డు తొలగించే జెట్టింగ్ యంత్రాలు, సిబ్బంది జీతాలు ఏ నెలా ఆగవు. హైదరాబాద్‌లో జలమండలి నీటి బిల్లు మీద 35 శాతం సివరేజి సెస్సు వేసే పద్ధతి పెట్టుకుంది. చాలా పట్టణాల్లో అలాంటి ఆదాయం లేక, కట్టిన శుద్ధి కేంద్రాలు పూర్తిగా నడవవు. యంత్రాలకు డబ్బు లేదన్న సాకుతో మనుషులను రక్షణ లేకుండా మ్యాన్‌హోల్‌లోకి దించడం 2013 చట్టం నిషేధించాక కూడా ఆగలేదు. ఈ పద్దులో కోత పెట్టడమంటే మనిషి ప్రాణంతో బేరమాడటమే.

శుద్ధి దగ్గర ఇంకో చిక్కుంది. ఇంటి మురుగు లైనులోకి పోతే మేలు ఆ ఇంటివాళ్లకే. శుద్ధి చేస్తే మేలు దిగువన ఉన్నవాళ్లకు. హైదరాబాద్ మురుగు మూసీలో కలిసి దిగువ పల్లెల పొలాలకు చేరుతుంది. ఆ రైతులకు నగరంలో ఓటు లేదు, నగరవాసికి ఆ నీరు కనబడదు. కాబట్టి శుద్ధి ఖర్చును ఊరి ఛార్జీల మీదే వదిలేయకుండా రాష్ట్రం, కేంద్రం భరించడం న్యాయం. గంగ ఒడ్డున నమామి గంగే పథకం కింద తెచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో కాంట్రాక్టరుకు నిర్మాణ సమయంలో వ్యయంలో 40 శాతమే ఇస్తారు. మిగిలిన 60 శాతం 15 ఏళ్లపాటు వాయిదాల్లో, శుద్ధి కేంద్రం సరిగా నడుస్తుంటేనే అందుతుంది. శుద్ధి చేసిన నీటికి కొనేవాళ్లు దొరికితే భారం ఇంకొంత తగ్గుతుంది. నాగపూర్ ఆ నీటిని థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చి డబ్బు తీసుకుంటోంది.