బెంగళూరంత ఎత్తు కొండ, కింద మాత్రం నిప్పుల ఎండ

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గం శిఖరం ఎత్తు 3,079 అడుగులు. బెంగళూరు నగరం పరుచుకున్న పీఠభూమి ఎత్తూ ఇంచుమించు అంతే. అక్షాంశంలోనూ పెద్ద తేడా లేదు. బెంగళూరు 13 డిగ్రీల దగ్గర ఉంటే, ఆత్మకూరు, ఉదయగిరి 15 డిగ్రీలకు కాస్త దిగువన ఉన్నాయి. అయినా మే నెలలో చల్లదనం కోసం బెంగళూరు బయల్దేరేవాళ్లు కనిపిస్తారు గానీ, ఉదయగిరి వచ్చేవాళ్లు కనిపించరు. భూమధ్యరేఖకు దగ్గరైతే వేడి, కొండ ఉంటే చలవ అని చిన్నప్పుడు నేర్చుకున్న రెండు ముక్కలూ ఈ తేడా దగ్గర చాలవు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఎండ ఎంత కాయాలో ప్రధానంగా అక్షాంశమే తేలుస్తుంది. దాన్ని తగ్గించగల ఎత్తు కొండకే ఉంది, జనమేమో కొండ కింద ఉన్నారు. ఎండాకాలంలో కింద ఉన్నవాళ్లకు ఆ కొండ చలవను పంపదు. గాలి దారినీ వాన దారినీ మాత్రం మారుస్తుంది.

ముందు అక్షాంశం సంగతి. ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ నెలాఖరు ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి. ఈ రెండింటి మధ్య మూడున్నర నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అంత కాలమూ ఆయన నడినెత్తి నుంచి తొమ్మిది డిగ్రీలకు మించి పక్కకు జరగడు. పైగా జూన్‌లో పగలు 13 గంటలు. సరిగ్గా భూమధ్యరేఖ మీద ఇలా జరగదు. అక్కడ సూర్యుడు మార్చిలో, సెప్టెంబరులో నడినెత్తిని దాటి చకచకా వెళ్లిపోతాడు, పగలు ఎప్పుడూ 12 గంటలే. దానికి తోడు ఏడాది పొడవునా మబ్బు, వాన. భూమధ్యరేఖను దాదాపు ఆనుకుని ఉన్న సింగపూర్‌లో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 37 డిగ్రీలే. మన మెట్ట పల్లెల్లో మే నెలలో ఆ అంకె చెబితే ఇవాళ కాస్త నయమంటారు. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ వేడి పెరుగుతూ పోతుందన్న మాట ఇక్కడే వీగిపోతుంది. నేల మాడేది నిట్టనిలువు ఎండకు మబ్బులేని ఆకాశం, తడిలేని మట్టి తోడైన చోట. సూర్యుడు ఏప్రిల్ చివరే నడినెత్తికి వచ్చినా, ఎండ ముదిరేది మే ఆఖర్లో రోహిణి కార్తెకే. అప్పటికి నేల రోజురోజుకూ వేడిని కూడబెట్టుకుని ఉంటుంది, తొలకరి ఇంకా దిగి ఉండదు. ఆగస్టులో సూర్యుడు మళ్లీ నడినెత్తికి వచ్చినా మబ్బులు అడ్డుపడి ఆ తీవ్రత రానివ్వవు.

ఎత్తు చేసే పని చూడాలంటే చెన్నైనీ బెంగళూరునూ పక్కపక్కన పెడితే చాలు. రెండూ ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. ఒకటి సముద్రపు ఒడ్డున, రెండోది సుమారు 920 మీటర్ల ఎత్తున. ఏడాది సగటు ఉష్ణోగ్రతలో తేడా ఐదు డిగ్రీలకు అటూ ఇటూ. కిలోమీటరు పైకి వెళితే గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్న లెక్కకు ఇది దగ్గరే. ఈక్వెడార్ రాజధాని క్విటో భూమధ్యరేఖ పక్కనే ఉన్నా, 2,850 మీటర్ల ఎత్తు వల్ల అక్కడ ఏడాదంతా ఉన్నిబట్టలు కావాలి. పైకి పోయేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడి పెరగాలి కదా అని పిల్లలు అడుగుతారు. పెద్దలు అడగరు గానీ, చాలామందికి జవాబు తెలియదు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, అందులో ఒక కిలోమీటరు లెక్కలోకి రాదు. గాలిని ప్రధానంగా వేడెక్కించేది నేల. నేల దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి, పైన ఒత్తిడి తక్కువ కాబట్టి వ్యాకోచించి, ఆ క్రమంలో తన వేడిని తానే పోగొట్టుకుంటుంది.

మరి ఉదయగిరి దుర్గం మీద చల్లగా ఉండదా అంటే, ఉంటుంది. పాదం దగ్గరికంటే శిఖరం మీది గాలి కొన్ని డిగ్రీలు చల్లనే. అయితే బెంగళూరులో నగరానికి నగరమే ఆ ఎత్తున ఉంది. ఇక్కడ ఆ ఎత్తున ఉన్నది కోట గోడలు, రాళ్లు, అడవి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల మీదికి దండెత్తి 1513, 1514లలో ఈ కోటను నెలల తరబడి ముట్టడించింది చల్లగాలి కోసం కాదు, ఎక్కడానికి అంత కష్టమైన దుర్గం కాబట్టి. కొండ పైన చల్లగా ఉంటే ఆ గాలి కిందికి దిగి ఊరిని చల్లబరచాలి కదా అన్నది న్యాయమైన సందేహమే. కానీ దిగే గాలి ఒత్తిడికి లోనై మళ్లీ వేడెక్కుతుంది. పడమటి గాలులు వీచే మే, జూన్ నెలల్లో ఈ సంగతి బాగా తెలుస్తుంది. రాయలసీమ మీదుగా ఎండి, కాగి వచ్చిన గాలి జిల్లా పడమటి అంచునున్న వెలిగొండలు దాటి తూర్పు వాలున దిగేటప్పుడు ఇంకాస్త వేడెక్కుతుంది. అదే గాలి సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. నెల్లూరులో మధ్యాహ్నం తరవాత అందే ఆ కాస్త చల్లగాలి, అక్కడికి సుమారు 50 కిలోమీటర్లు పడమరనున్న ఆత్మకూరుకు ఆలస్యంగా, బలహీనంగా చేరుతుంది. ఉదయగిరి ఇంకా దూరం. చలికాలపు తేటరాత్రుల్లో మాత్రం వాలు మీద చల్లబడిన గాలి లోయల్లోకి జారి తెల్లవారుజామున వణికిస్తుంది. కొండ చలవ కిందివాళ్లకు అందేది అప్పుడే.

వాన విషయంలో కొండల పాత్ర ఇంకా పెద్దది. నైరుతి రుతుపవనం పడమటి కనుమల దగ్గరే చాలా భాగం కురిసేసి, రాయలసీమ దాటి, వెలిగొండలు దాటేసరికి ఈ మెట్టకు మిగిల్చేది తక్కువ. అందుకే రాష్ట్రంలో చాలాచోట్ల జూన్‌తో వానాకాలం మొదలైతే, నెల్లూరు జిల్లా వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యనే పడుతుంది. అదీ బంగాళాఖాతపు వాయుగుండాల పుణ్యం. తీరం నుంచి పడమరకు వచ్చేకొద్దీ ఆ వానా తగ్గిపోతుంది. వెలిగొండల్ని చీల్చుకుని పెన్న సోమశిల దగ్గర జిల్లాలో అడుగుపెడుతుంది. అక్కడి జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. అందులో చేరే నీటిలో చాలా భాగం ఎగువన రాయలసీమలో, కర్ణాటకలో కురిసినదే.

అడవులు నరకబట్టే ఈ ఎండలు అనేవాళ్లున్నారు. చెట్టునీడ ఊరి వీధిని, పొలం గట్టును నిజంగానే చల్లబరుస్తుంది. ఆ మాట కొట్టిపారేయలేం. భూతాపమూ పాత ఎండ మీద అదనపు బరువు మోపుతోంది. కానీ ఈ రెండూ మూలకారణం కావు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప లోకంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ వెలిగొండల్లో, కడప, చిత్తూరు కొండల్లో పెరుగుతోందంటే, గొడ్డలి పడకముందు నుంచీ ఇది పొడినేల, ఎండనేల అనే అర్థం. అక్షాంశాన్ని మార్చలేం, ఊరిని కొండెక్కించలేం. మన చేతిలో ఉన్నది ఆ మూడు నెలల వానను పట్టుకోవడమే. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాల్లో చెరువుల పూడికతీతలు, కట్టల మరమ్మతులు, వాగుల మీద చెక్‌డ్యాంల పనులు ఏవైనా సెప్టెంబరు లోపే ముగిసేలా అధికారులు, రైతులు చూసుకోవాలి.