వానకు ముందే అందాల్సిన టీకా

అనంతపురం పీఠభూమిలో ఏడాది మొత్తానికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. ఆ నాలుగు చినుకుల కోసం ఆకాశం వైపు చూసే ఊళ్లలోనే, చినుకు పడ్డాక జీవాలున్న ఇంట గుబులు మొదలవుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలకు దొడ్డి బురదవుతుంది. తడిసిన పేడలో క్యూలికాయిడ్స్ అనే కీటకాలు పుట్టుకొస్తాయి. దోమకన్నా చాలా చిన్నవి, కుట్టేదాకా కనబడవు. వాటి కాటుతో వైరస్ ఎక్కిన గొర్రెకు వారం పది రోజుల్లో ఒళ్లు కాలే జ్వరం వస్తుంది. మూతి, పెదవులు వాస్తాయి, నోట్లో పుండ్లు పడతాయి. గిట్ట పైఅంచు ఎర్రబడి కుంటుతుంది. కొన్నిటికి నాలుక నీలం తిరుగుతుంది. అదే నీలినాలుక వ్యాధి. చావు తప్పినా ఆ గొర్రె మేయలేదు, మందతో నడవలేదు. మేత కోసం ఊరూరూ తిరిగే మందకు నడవలేని జీవం ఉన్నా లేనట్టే.

మన దేశంలో ఈ జబ్బును 1964లో మహారాష్ట్రలో గుర్తించారు. టీకా రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. కారణం వైరస్ స్వభావంలోనే ఉంది. దీనికి రెండు డజన్లకు పైగా రకాలున్నాయి, వాటిని సీరోటైపులంటారు. ఒక రకాన్ని తట్టుకున్న గొర్రె ఇంకో రకానికి మళ్లీ పడిపోవచ్చు. పైగా దీని జన్యుపదార్థం పది విడి ముక్కలుగా ఉంటుంది. రెండు రకాలు ఒకే జీవంలో చేరితే ముక్కలు అటూ ఇటూ మారి కొత్త వైరస్ తయారుకాగలదు. బలహీనపరచిన బతికున్న వైరస్‌ను టీకాగా ఇస్తే ఆ ప్రమాదం మనమే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. అందుకే వైరస్‌ను చంపి ఇచ్చే దారి ఎంచుకున్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

చెన్నై, హైదరాబాద్ తదితర చోట్ల శాస్త్రవేత్తలు భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రాజెక్టు కింద కలిసి పనిచేసి, 1, 2, 10, 16, 23 రకాలతో ఒక టీకా రూపొందించారు. జాతీయ పాడి అభివృద్ధి మండలి 1980లలో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ దాన్ని 'రక్షా బ్లూ' పేరుతో తయారుచేస్తోంది. హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు పిల్లల కిడ్నీ నుంచి 1960ల తొలినాళ్లలో గ్లాస్గోలో తీసిన కణాల సంతతి ఇప్పటికీ ప్రయోగశాలల్లో పెరుగుతోంది. ఆ కణాల్లో ఒక్కో రకం వైరస్‌నూ విడివిడిగా పెంచుతారు. తర్వాత ఓ రసాయనంతో దాని జన్యుపదార్థాన్ని పనికిరాకుండా చేస్తారు. పైనున్న ప్రోటీన్లు చెక్కుచెదరకూడదు, ఎందుకంటే గొర్రె శరీరం శత్రువును గుర్తుపట్టేది వాటితోనే. ప్రాణమున్న వైరస్ ఒక్కటైనా మిగిలిందేమోనని కొత్త కణాలపై వేసి చూస్తారు. ఏమీ పెరగలేదని తేలాకే అయిదింటినీ కలుపుతారు.

అదే మందకు వచ్చే పీపీఆర్, అంటే పారుడు రోగం, దీనికి పూర్తిగా భిన్నం. 1987లో తమిళనాడులోని అరసూరులో అది మన దేశంలో మొదట బయటపడింది. దానికి ఉన్నది ఒకే సీరోటైపు. ఆఫ్రికా కోతి కిడ్నీ కణాల్లో పదేపదే పెంచి బలహీనపరచిన వైరస్‌నే టీకాగా వాడతారు. ఒక్క డోసు ఏళ్ల తరబడి కాపాడుతుంది. అందుకే 2030 నాటికి పీపీఆర్‌ను లోకంలోనే లేకుండా చేయాలన్న లక్ష్యం పెట్టుకోగలిగారు. నీలినాలుక విషయంలో అలాంటి లక్ష్యం ఊహకు కూడా అందదు.

ఈ తేడా పశువైద్య సిబ్బంది ఐస్‌బాక్సులోకీ వస్తుంది. పీపీఆర్ టీకా సీసా అడుగున తెల్లటి బిళ్లలా ఎండి ఉంటుంది. చక్కెర, పాల ప్రోటీన్ కలిపి ఆరబెట్టిన వైరస్ అది. ద్రవం కలిపిన క్షణం నుంచి దానికి గడియారం తిరుగుతుంది, ఎండలో త్వరగా చచ్చిపోతుంది. కాబట్టి మంద మొత్తాన్ని దొడ్లో కట్టేసుకున్నాకే కలపాలి. నీలినాలుక టీకాను చల్లగా ఉంచాలి, కానీ గడ్డకట్టనివ్వకూడదు. మంచుముక్కకు ఆనించి పెడితే బలం పోతుంది. సూది గుచ్చే చేతికి ఈ రెండూ తెలిసుండాలి.

టీకా వేసిన వెంటనే రక్షణ రాదు, శరీరం సిద్ధమవడానికి వారాలు పడుతుంది. వానలు మొదలయ్యాక సీసా ఊరికి చేరితే సగం ఫలితం పోయినట్టే. కాపరులు మందలు తోలుకుని దూరం పోయే కాలం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫ్యాక్టరీలో తయారీకీ పరీక్షలకూ నెలలు పడతాయి గనుక, ఆర్డరు ఎండాకాలానికంటే ముందే వెళ్లాలి.

ఆ అయిదు రకాలే ఎప్పటికీ తిరుగుతాయన్న హామీ లేదు. ఏ రకం వస్తోందో తెలిసేది జ్వరంతో ఉన్న గొర్రె రక్తం పరీక్షకు వెళ్తేనే. జ్వరం తగ్గాక తీస్తే వైరస్ దొరకడం కష్టమవుతుంది. కళ్యాణదుర్గంలోనో రాయదుర్గంలోనో మూతి వాచిన గొర్రె కనబడిన రోజే పశువుల ఆసుపత్రికి కబురు అందితే, ముందు ముందు టీకాలో ఏ రకాలు ఉండాలో తేల్చుకోవడానికి ఆ సీసాడు రక్తం పనికొస్తుంది.